ద్రవం రకం: ఇతరములు

ఫారంల ఐదు గడులున్నయి.
నీళ్లు. చాయ్. కాఫీ. కూల్‌డ్రింక్. ఇతరములు.
ఐదోదాని మీద టిక్కు పెట్టి
పక్క గీత మీద రాసిన:
పచ్చిపులుసు.

నక్కలగుట్ట సర్వీస్ సెంటర్ల
ఏసీ చల్లదనంల
నా ల్యాప్‌టాప్ నుంచి ఉల్లిగడ్డ వాసన లేస్తున్నది.
కౌంటర్ల పిల్ల, మెడల కార్డు మీద ఫర్హీన్ అని ఉన్నది,
ముక్కు దగ్గరికి తెచ్చుకొని
"పోపు గూడ పెట్టిన్రా అన్నా?" అన్నది.
పెట్టినమని ఒప్పుకున్న.

కొన్ననాడు ప్లానుకు రెండువేల నాలుగొందలు ఎక్కువ కడుతుంటే
మా ఇంటామె దండుగన్నది.
"దాని మీద ఏమన్న పారబోస్తమా?"
ఆమె చేసిన పులుసే.
ఆ మాట నేను మళ్ల ఎత్తలేదు,
రాత్రి బువ్వ తినాలె గదా.

ఫోన్ల ఒకాయన హిందీల అడిగిండు,
ఇది ప్రమాదమా, నిర్లక్ష్యమా?
ప్రమాదమైతే ప్లాన్ల ఉన్నది. నిర్లక్ష్యమైతే లేదు.
రెంటి నడుమ ఎంత జాగ ఉంటదో
అరగంట సేపు లైన్ల సంగీతం ఇనుకుంట ఆలోచించిన.

ఎట్ల జరిగిందో మూడు వందల అక్షరాలల్ల రాయమన్నరు.
మంది బాధలు రాసి బతికేటోన్ని,
సుబేదారిల కలెక్టరాఫీసు ఎదురంగ,
అర్జీకి నలభై రూపాయలు.
నా అర్జీ నాకు రాయొస్తలేదు.
మోచెయ్యి తగిలి గిన్నె ఒరిగింది.
గంతే రాసిన. అబద్ధం గాదు.

మోచెయ్యి ఎందుకు లేచిందంటే,
ఎల్కతుర్తి దిక్కు నుంచి వచ్చిన ఓదెమ్మ
ఆధార్ కార్డు నా ముందట పెట్టింది.
పేరు సక్కగనే ఉన్నది. ఊరు సక్కగనే ఉన్నది.
లింగం దగ్గర: పురుషుడు.
మొగోళ్లకు వితంతు పింఛన్ రాదని పంపిచ్చిన్రట.
రెండేండ్లాయె తిరుగవట్టి.
"మొగోన్నంటే మొగోన్నే కొడుకా,
మరి నాట్లకు పోతే మొగోళ్ల కూలి ఇయ్యాలె గదా?
గదే అడిగి ఆసామికి కార్డు జూపెడితే
కుక్కను ఇడిశిండు."

నవ్విన.
కుర్సీ ఎనుకకు పోయింది, చెయ్యి ముందటికి పోయింది,
కరివేపాకుతోని సహా పులుసు
ఆమె అర్జీ మూడో పేరా మీదికెల్లి పారింది.
తెర ఒక్కసారి నీలంగ మెరిసి ఆరిపోయింది.
ఓదెమ్మ లేచి నిలవడి
"అయ్యో, నేనింక అవుతలి మాట చెప్పనేలే" అన్నది.

ఇదంత రాస్తే మూడు వందలు దాటుతది.
నవ్వుకు గడి లేదు.

పందొమ్మిది రోజులు పట్టింది.
ఫర్హీన్ విప్పి చూపెట్టింది,
ఆకుపచ్చ పలక మీద
చింతపండు నడిచిపోయిన తొవ్వ,
దాని పొంటి తెల్లగ ఉప్పు పూత.
స్పేస్‌బార్ కిందికెల్లి చిమటతోని
ఒక ఆవగింజ తీసి నా అరచేతుల పెట్టింది.
"పాత బోర్డు కంపెనీకి పోతది. గిది మీకే."

పైస తీసుకోలేదు.
కొత్త బోర్డు, కొత్త కీబోర్డు.
పాతదాని మీద నేను అతికించుకున్న
తెలుగు అక్షరాల స్టిక్కర్లు పోయినయి.
అండ్ల 'ద' ఎప్పుడో అరిగి మాయమైంది,
దరఖాస్తుదారు, దయతో, దయచేసి.
అరుగుడు ప్లాన్ల రాదట.
ఏలు మాత్రం గుడ్డిగ ఆ జాగకే పోతున్నది.

సోమారం ఓదెమ్మ వచ్చింది.
"బాగైందా? ఎంత గుంజిన్రు?"
ఏం లేదవ్వా, ముందుగాలనే కట్టి పెట్టిన.
"చెడకముందే కడుతరా?" అని
కొంచెం సేపు నా మొకం జూసి,
కొంగుముడి ఇప్పి కార్డు తీసింది.
మళ్ల మొదటికెల్లి. పేరు. ఊరు. లింగం.

టిఫిన్ గిన్నె మూత బిగిచ్చి
తీసుకపోయి కిటికీల పెట్టి వచ్చి
కూసున్న.
"ఆ, కుక్కను ఇడిశిండు.
అవుతల?"